ఎడమ పక్క గది

మద్రాసు బస్టాండు ఎదర, మేడ మీద ఆఫీసు.
ఏసీ నీళ్ళు బకెట్లోకి కారతా ఉండాయి.
ఓడ బొమ్మ బల్ల మీద పరిచి
టై కట్టుకున్న కుర్రాడు
పదకొండు అంతస్తులండీ అన్నాడు.
కావలిలో మా ఇల్లు ఒకటిన్నర.

మూడు రకాలుండాయంట.
మొదటిది ఎక్కడికీ పోదు.
నడిసముద్రం దాకా పోయి, ఒక రాత్రి తిరిగి,
బయల్దేరిన రేవుకే వచ్చేస్తాది.
"దానికి డబ్బులెందుకు మ్మే?" ఫోన్లో మా ఆడబిడ్డ పోలమ్మ,
"మా అన్న పాతికేళ్ళు చేసింది అదేగా.
వచ్చేటప్పుడు చేపలన్నా తెచ్చేవాడు."

రెండోది లంకకి. పాస్‌పోర్టులు కావాల.
మూడోది విశాఖ పోయి, అక్కణ్ణించి పుదుచ్చేరి, ఐదు రోజులు.

పిల్లలకేముంది అనడిగాను.
ఆటల గది ఉంది, రంగు బంతులున్నాయి,
పన్నెండేళ్ళ దాకా.
మావాడికి పదమూడు దాటింది.
రాత్రి పాటల హాలుంది, పద్దెనిమిది నిండాల.
మా పిల్లకి ఇంకా పది నెలలు.
మరి మధ్యలో వాళ్ళకి?
టై సర్దుకున్నాడు.
"డెక్ మీద తిరగొచ్చు మేడం. గాలి బాగుంటాది."

తుమ్మలపెంటలో పడవ దించేటప్పుడు చూశాను.
లోతులో కాదు, ఒడ్డున కాదు,
అల విరిగే ఆ పది బారల్లోనే
తెడ్డు విరిగేది, మనిషి జారేది.
నా ఎదర ఈ రెండు తలకాయలూ
సరిగ్గా అక్కడుండాయి,
ఒకటి ఫోన్లో, ఒకటి సెల్ఫీ అద్దంలో.

తనుష్‌కి వైఫై కావాల.
రోజుకింతని విడిగా కట్టాలంట,
తిండేం పెడతారని అడక్కముందే అదడిగాడు.
రోషితకి తమ్ముడు లేని గది కావాల,
బాల్కనీ, తెల్ల కుర్చీ,
కుర్చీలో తను, వెనకాల
మేమెవరమూ లేని సముద్రం.
నాకు లోపలి గది చాలు.
కిటికీ ఉండదు, మనిషికి తొమ్మిది వేలు తక్కువ.
నిద్రపోయేవాళ్ళకి కిటికీ దేనికి?

ఈయన వచ్చినప్పట్నించీ గమ్మునే
ఓడ పక్కన వేలాడే చిన్న పడవలు లెక్కపెడతా ఉన్నాడు.
వలలూ తాళ్ళూ ఇంజనాయిలూ అమ్ముకునే మనిషి,
ఆరేళ్ళయింది నీళ్ళలో కాలు పెట్టి.
తలెత్తాడు.
"ఉత్తరానికి పొయ్యేటప్పుడు మన ఒడ్డు
ఎడమ పక్క గదా?"
కుర్రాడు కంప్యూటర్లో చూశాడు.
చూడక్కర్లేదు.

"రాత్రిపూట ఒడ్డేం కనపడుద్ది నాన్నా!"
"ఒడ్డు కాదు."
కాసేపు బొమ్మ మీద వేలు అట్టాగే పెట్టుకోనున్నాడు.
"వీడి వయసులో తెప్ప మీద పడుకోనుంటే
ఇట్టాంటిదొకటి పోయింది, ఏ దేశందో.
పెళ్ళిల్లు లేచి నడిచిపోతున్నట్టు దీపాలు.
వల ఉంది, పక్కకి పొమ్మని
మా నాయన లాంతరెత్తి ఊపాడు.
ఎవురూ చూడలా."
తనుష్ ఫోను బోర్లించాడు. "తర్వాత?"
"తర్వాతేముంది. వల పోయింది.
రెండేళ్ళు అప్పు కట్టాం."

ఎడమ పక్క, కిటికీ గదులు, రెండు.
బాల్కనీ లేదు. ఉత్త అద్దం, తెరుచుకోదు.
రోషిత మూతి ముడిచింది గానీ కాదనలా.

తేదీ దగ్గర మళ్ళీ గొడవ.
నవంబరొద్దు, వాయుగుండాలు.
మార్చిలో పరీక్షలు.
మే నెల సెలవులే గదా అంటే
అడ్డంగా తలూపాడు ఈయన:
"అప్పుడు వేట ఆపేస్తారు.
సముద్రం మీద మనోళ్ళెవురూ ఉండరు."
అందుకని జూన్ ఆఖరు.
బడి తెరిచినాక నాలుగు రోజులు ఎగ్గొట్టాల,
ఇంట్లో మొదటిసారి
ముగ్గురూ ఒక మాట మీద నిలబడ్డారు, నేను తప్ప.

బస్సు కొడవలూరు దాటిందాకా ఎవరూ నోరు తెరవలా.
అప్పుడు తనుష్ నా ఫోన్ లాక్కోని
తీసకపోవాల్సినవి రాశాడు.
చార్జరు. ఇయర్‌ఫోన్లు. చెప్పులు. టార్చి.
కాసేపాగి
టార్చి ముందర 'పెద్ద' అని చేర్చాడు.

వైఫై సంగతి ఇంకా తేలలేదు.